పొగ కడగాలి, పొయ్యీ మార్చాలి

ఈ సంచికకి సైన్సు విషయం ఏదైనా నలుగురికీ అర్థమయ్యేట్టు రాయమని విద్యార్థి సంఘం వారు అడిగారు. ఈ కాలేజీలోనే భౌతికశాస్త్రం చదువుకుని, తరువాత ముప్ఫై ఏళ్ల పైచిలుకు ఒక థర్మల్ విద్యుత్కేంద్రంలో ఉద్యోగం చేసినవాణ్ణి నేను. అందుచేత నాకు బాగా తెలిసిన పొగ గురించే రాస్తాను. కరెంటు తయారీలో కాలుష్యం ఎక్కడ పుడుతుంది? దాన్ని తగ్గించే మార్గాలేమిటి? సూర్యుడూ గాలీ వుండగా ఇంకా బొగ్గెందుకు కాలుస్తున్నాం? ఈ మూడు ప్రశ్నలకీ చేతనైనంతలో జవాబు చెబుతాను. మధ్యమధ్య లెక్కలు వస్తాయి గాని ఆర్ట్సు విద్యార్థులు భయపడనక్కరలేదు. అన్నీ హెచ్చవేతలూ భాగహారాలే.

ఒక రోజు పొయ్యి లెక్క

థర్మల్ కేంద్రంలో జరిగే పని చెప్పడానికి చాలా తేలిక. బొగ్గుని పిండిలాగా విసిరి బాయిలర్లోకి ఊదుతారు. అది మండి నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి టర్బైనుని తిప్పుతుంది, టర్బైను జనరేటర్ని తిప్పుతుంది. పని ముగిసిన ఆవిరిని కండెన్సరులో చల్లార్చి, నీరుగా మార్చి, మళ్లీ బాయిలరుకే పంపుతారు. అలా చల్లార్చడంలో వచ్చే వేడిని వదిలించుకోడానికే ఆ పెద్ద పెద్ద కూలింగ్ టవర్లు. రైల్లో పోతూ వాటి మీద తెల్లగా లేచే మేఘాన్ని చూసి "అబ్బ, ఎంత పొగ!" అంటూ వుంటారు. అది పొగ కాదు, నీటి ఆవిరి. అసలు పొగ పక్కనే సన్నగా, పొడుగ్గా నిలబడ్డ చిమ్నీలోంచి పోతుంది. చాలాసార్లు అది కంటికి ఆనదు కూడా.

ఇప్పుడు 500 మెగావాట్ల యూనిట్ ఒకటి తీసుకుందాం. మన రామగుండం ఎన్.టి.పి.సి.లో అలాంటివి నాలుగు, 200 మెగావాట్లవి మూడు వున్నాయి. అన్నీ కలిపి 2,600 మెగావాట్లు. 500 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడులో ఒక రోజు నడిస్తే 1 కోటీ 20 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. మన దేశపు బొగ్గుతో యూనిటుకి సుమారు 650 గ్రాములు కాలుతుంది. అంటే రోజుకి 7,800 టన్నులు, ఇంచుమించు రెండు గూడ్సు రైళ్ల నిండా.

ఆ బొగ్గులో నూటికి 35 వంతులు బూడిదే అనుకుందాం. మన బొగ్గుకి అది మామూలే. రోజుకి 2,700 టన్నుల బూడిద మిగులుతుంది. గంధకం మన బొగ్గులో తక్కువ, నూటికి అర వంతు చుట్టూ వుంటుంది. అంటే 39 టన్నులు. గంధకం మండేటప్పుడు తనంత బరువు ఆక్సిజనుని కలుపుకుంటుంది కనక 78 టన్నుల సల్ఫర్ డయాక్సైడు అవుతుంది. ఇక బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడు, దగ్గర దగ్గర 11 వేల టన్నులు. కాల్చిన బొగ్గు కంటే వచ్చిన వాయువు బరువు ఎక్కువా అని ఆశ్చర్యపోకండి. గాలిలోని ఆక్సిజను కూడా అందులో చేరింది మరి. ఇవి కాక నత్రజని ఆక్సైడులు, కొంచెం పాదరసం. ఇదంతా ఒక్క యూనిట్, ఒక్క రోజు లెక్క.

ఈ లెక్క కరెంటు బిల్లులో కనబడదు. అది వేరే చోట వసూలవుతుంది. నేను పనిచేసిన చోట బూడిదని నీళ్లలో కలిపి పైపుల ద్వారా బూడిద చెరువుకి పంపేవాళ్లం. తడిగా వున్నంతకాలం అది బురద. ఎండాకాలంలో పైపొర ఆరి గాలి లేచిందంటే చుట్టుపక్కల ఊళ్ల మీద బూడిద వానే. ఒకసారి పక్క ఊరి నుంచి నలుగురితో కలిసి వచ్చిన ఒక పెద్దావిడ నాతో అన్న మాట ఇది: "సారూ, మా ఇంట్లో బల్బు మీ పుణ్యమే, కాదన్ను. కూడొండుకుంటే బూడిద, గుడ్డలారేస్తే బూడిద. కరెంటు బిల్లు మేమూ కడతన్నాం గదా, మళ్లా ఈ బిల్లు మాకేంటి?" స్వచ్ఛమైన విద్యుత్తు అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆవిడ ప్రశ్నే ముందు గుర్తొస్తుంది. ఆ రెండో బిల్లుని తగ్గించడమే మన సమస్య.

దానికి మార్గాలు మూడు. పొగని కడగడం ఒకటి. తక్కువ కాల్చడం రెండోది. అసలు పొయ్యినే మార్చడం మూడోది.

పొగని కడగడం

పొగలో ఎగిరే బూడిదని పట్టడానికి ప్రతి కేంద్రంలోనూ ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ వుంటుంది. మేము ఇ.ఎస్.పి. అంటాం. పెద్ద గదిలో వరసగా ఇనుప పలకలు, వాటి మధ్య తీగలు. తీగలకి వేల వోల్టుల ఋణ విద్యుత్తు ఇస్తారు. పొగ ఆ మధ్య నుంచి పోయేటప్పుడు బూడిద రేణువులకి విద్యుదావేశం అంటుకుని అవి పలకల వైపు లాక్కోబడతాయి. నిర్ణీత వేళల్లో సుత్తులు పలకల్ని కొడితే బూడిద కింద తొట్టిలో పడుతుంది. దువ్వెన తలకి రాసి కాగితం ముక్కల్ని లాగే ఆట లేదూ, దానికి అన్నగారు ఇది.

ఇక్కడ ఒక చిత్రం వుంది. పొగలో గంధకపు అంశ కాస్త వుంటే బూడిద విద్యుత్తుని బాగా పట్టించుకుంటుంది. మన బొగ్గులో గంధకం తక్కువ కనక బూడిద మొండిగా వుంటుంది. అందుకే మన ఇ.ఎస్.పి.లు పెద్దవిగా కట్టాలి, కొన్నిచోట్ల పొగలోకి అమ్మోనియా వదలాలి.

ఇ.ఎస్.పి. సామర్థ్యం నూటికి 99 అంటే డిస్టింక్షనే గదా అనుకుంటాం. మన యూనిట్లో బూడిదలో అయిదింట నాలుగు వంతులు, సుమారు 2,160 టన్నులు, పొగతో ఎగురుతుంది. నూటికి 99 పట్టినా రోజుకి 21 టన్నుల పైన గాలిలో కలుస్తుంది. 99.9 పడితే 2 టన్నుల పైచిలుకే. పరీక్షలో ఆ దశాంశం ఎవరికీ పట్టదు. ఇక్కడ ఊరి మీద పడే బూడిద పదింతలు మారుతుంది. ఇ.ఎస్.పి.లో ఒక భాగం చెడిపోయినా యూనిట్ ఆగదు, కరెంటు వస్తూనే వుంటుంది. అందుకే దాని మరమ్మతు "తరువాత చూద్దాం" అన్న జాబితాలోకి తేలిగ్గా జారిపోతుంది. టర్బైనుకి దక్కే మర్యాద దానికీ దక్కాలి.

పట్టిన బూడిదకి ఉపయోగం లేకపోలేదు. పోజొలానా సిమెంటులో నూటికి 35 వంతుల దాకా దాన్ని కలపవచ్చు. ఇటుకలు చెయ్యవచ్చు, రోడ్డు కట్టలకి పొయ్యవచ్చు. సిమెంటులో కలిపితే ఆ మేరకి సున్నపురాయి కాల్చడం తప్పుతుంది, అదొక లాభం. 1999 నుంచీ ప్రభుత్వం బూడిద వాడకం మీద ఉత్తర్వులు ఇస్తూ వచ్చింది. 2021 డిసెంబరు 31న ఇచ్చిన ఉత్తర్వులో వచ్చే బూడిదంతా వాడి తీరాలనీ, లేకపోతే టన్నుకి వెయ్యి రూపాయలు పరిహారం కట్టాలనీ నిబంధన పెట్టారు. పాత చెరువుల్లో పేరుకున్న గుట్టలు తరిగించడం ఇంకా పెద్ద పని.

సల్ఫర్ డయాక్సైడు కథ వేరు. ఇది వాయువు, ఇ.ఎస్.పి.కి చిక్కదు. పాతకాలపు ఉపాయం చిమ్నీ పొడుగు చెయ్యడం. 500 మెగావాట్ల యూనిట్లకి 275 మీటర్ల చిమ్నీలు అందుకే వచ్చాయి. పొడుగు చిమ్నీ వల్ల విషం తగ్గదు, పలచబడి దూరం పోతుంది. పోతూ పోతూ గాలిలో మార్పు చెంది సల్ఫేటు అనే సన్నని ధూళి అవుతుంది. ఊపిరితిత్తుల లోతులకి పోయేది ఆ సన్న ధూళే. దాన్ని ముందే పట్టడానికి ఎఫ్.జి.డి. అనే యంత్రం వుంది. సున్నపురాయి పొడిని నీళ్లలో కలిపి పొగ మీద జల్లుతారు. గంధకం సున్నంతో కలిసి జిప్సం అవుతుంది. అది సిమెంటు కంపెనీలకి పనికొస్తుంది.

2015 డిసెంబరు 7న కేంద్ర ప్రభుత్వం ధూళికి, గంధకానికి, నత్రజని ఆక్సైడులకి, పాదరసానికి కొత్త హద్దులు పెట్టింది. రెండేళ్లలో అమలు కావాలన్నారు. గడువు తరువాత 2022కి, ఆ పైన ఇంకా ముందుకి జరిగింది. చివరికి 2025 జులైలో దేశంలోని యూనిట్లలో ఎక్కువ భాగాన్ని గంధకపు హద్దు నుంచి మినహాయించారు. ఢిల్లీ ప్రాంతానికీ, పది లక్షల పైన జనాభా వున్న నగరాలకీ దగ్గరలోని వాటికి మాత్రం 2027 డిసెంబరు గడువు వుంది. మన బొగ్గులో గంధకం తక్కువనీ, ఎఫ్.జి.డి. నడపడానికి కూడా కరెంటు కావాలనీ, ఖర్చు ప్రజల బిల్లు మీదే పడుతుందనీ మినహాయింపుని సమర్థించేవారి వాదన. అందులో నిజం లేకపోలేదు. కాని గంధకం తక్కువే అయినా బొగ్గు రైళ్లకొద్దీ కాలుస్తున్నాం గదా! పైన వేసిన 78 టన్నులు ఆ "తక్కువ" గంధకం లెక్కే. కడగనందువల్ల మిగిలిన ఖర్చు మాయం కాదు, రెండో బిల్లులోకి ఎక్కుతుంది.

తక్కువ కాల్చడం

పాతరకం యూనిట్లో బొగ్గు ఇచ్చే వేడిలో నూటికి 36 వంతులు మాత్రమే కరెంటు అవుతుంది. ఇది ఇంజనీర్ల సోమరితనం కాదు. వేడిని పనిగా మార్చేటప్పుడు కొంత వదులుకోక తప్పదని థర్మోడైనమిక్స్ క్లాసులో కార్నో పేరుతో చదువుకున్న సూత్రమే. అయితే ఆవిరి ఎంత వేడిగా, ఎంత పీడనంలో వుంటే అంత ఎక్కువ పని దొరుకుతుంది. నీటికి 374 డిగ్రీలు, వాతావరణ పీడనానికి 218 రెట్లు దాటాక నీరు, ఆవిరి అన్న తేడా పోతుంది. ఆ పైన నడిచేవి సూపర్ క్రిటికల్ యూనిట్లు. వాటి సామర్థ్యం 40 చుట్టూ వుంటుంది. 36 నుంచి 40 అంటే అదే కరెంటుకి పదో వంతు బొగ్గు మిగిలినట్టు. కొత్తగూడెంలో 2018లో మొదలైన 800 మెగావాట్ల యూనిట్ అలాంటిది. అక్కడే 1960లలో మొదలైన పాత యూనిట్లని 2020 నాటికి ఆపేసి, వాటి ఎనిమిది కూలింగ్ టవర్లని 2024 ఆగస్టులో కూల్చేశారు.

తక్కువ కాల్చడం మన చేతిలో కూడా వుంది. హాస్టల్లో రెండు వందల ఫాన్లు వున్నాయనుకోండి. పాత ఫాను 75 వాట్లు తీసుకుంటే కొత్త బి.ఎల్.డి.సి. ఫాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఒక్కోదానికి 45 వాట్లు మిగులు. రోజుకి పదిహేను గంటల చొప్పున మొత్తం 135 యూనిట్లు. బొగ్గులో చెప్పాలంటే 88 కిలోలు. ఏడాదికి 250 రోజులు వేసుకుంటే 22 టన్నులు. ఒక్క హాస్టలు ఫాన్లు మార్చితే ఎక్కడో గనిలో 22 టన్నుల బొగ్గు తవ్వకుండా వుంటుంది. ఇంతకంటే చవకగా కాలుష్యం తగ్గించే యంత్రం నేనెక్కడా చూడలేదు.

పొయ్యి మార్చడం

ఎంత కడిగినా, ఎంత పొదుపు చేసినా బొగ్గుపులుసు వాయువు ఇ.ఎస్.పి.కీ చిక్కదు, సున్నానికీ లొంగదు. దానికి పొయ్యి మార్చవలసిందే. ఇందులో జరిగిన మార్పు మా తరం ఊహించనిది. 2010 ప్రాంతంలో సౌర విద్యుత్తు యూనిట్ పది రూపాయల పైన వుండేది. 2017 ఏప్రిల్లో కడప సోలార్ పార్కు వేలంలో 3 రూపాయల 15 పైసలకి దిగింది. మరుసటి నెల రాజస్థాన్లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలైంది. గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 5,900 ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు 2017లో పూర్తయింది. రామగుండంలో థర్మల్ కేంద్రపు రిజర్వాయరు మీదనే 100 మెగావాట్ల పలకలు తేలుతున్నాయి. 2022లో అవి పూర్తిగా పనిలోకి వచ్చాయి. నేల అక్కరలేదు, కింద నీరు ఆవిరైపోవడం కూడా తగ్గుతుంది.

2025 జూన్ నాటికి దేశంలో నెలకొల్పిన విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, చమురు కానిదే అయింది. ఆ వార్త చదివి సగం కరెంటు శుభ్రమైపోయిందని చాలామంది అనుకున్నారు. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రం నూటికి 70 వంతుల లోడులో ఏడాదికి 610 కోట్ల యూనిట్లు ఇస్తుంది. వెయ్యి మెగావాట్ల సౌర కేంద్రం రాత్రీ మబ్బూ పోను 175 కోట్లు ఇస్తుంది. అంటే ఒకదానికి మూడున్నర కావాలి. అందుకే సామర్థ్యంలో సగం దాటినా, మనం వాడే యూనిట్లలో నాలుగింట మూడొంతుల దాకా బొగ్గు నుంచే వస్తున్నాయి.

అసలు చిక్కు సాయంకాలం ఏడింటికి. దీపాలు, టీవీలు, ఏసీలు అన్నీ ఒక్కసారి వేస్తాం. అప్పటికి సూర్యుడు లేడు. మరి పగలంతా బాయిలర్ని ఆపి సాయంత్రం వెలిగించుకోవచ్చు గదా అంటారు. బాయిలరు వంటింటి గ్యాసు పొయ్యి కాదు. పూర్తిగా చల్లారిన యూనిట్ని మళ్లీ లైనులోకి తేవాలంటే గంటలు పడుతుంది, ఖరీదైన నూనె కాల్చాలి, లోహం అలసిపోతుంది. కనక సాయంత్రం కోసం మధ్యాహ్నమంతా దాన్ని సగం లోడులో నడుపుతూ వుంటారు. సగం లోడులో యూనిటుకి కాలే బొగ్గు ఇంకా ఎక్కువ.

దీనికి మందు నిలవ చెయ్యడం. బాటరీలు ఒక మార్గం, వాటి ధర తగ్గుతోంది. రెండో మార్గం మనకి పాతదే. నాగార్జునసాగర్ పవర్ హౌసులో ఎనిమిది యూనిట్లుంటే ఏడు వెనక్కి కూడా తిరుగుతాయి. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ అంతే. నీరు కిందికి దిగితే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇస్తే నీటిని పైకి తోడతాయి. మధ్యాహ్నం మిగిలిన సౌర విద్యుత్తుతో తోడుకుని సాయంత్రం దింపుకోవచ్చు. నూరు యూనిట్లు పెడితే 75, 80 తిరిగి వస్తాయి. నదితో పని లేకుండా కొండల మధ్య రెండు జలాశయాలతో ఇదే పని చెయ్యడానికి పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టుకి 2022లో శంకుస్థాపన జరిగింది. నీళ్ల వాటాల తగవు ఎలా వున్నా, కృష్ణ మీది ఈ యంత్రాలు రెండు తెలుగు రాష్ట్రాలకీ సాయంకాలపు ఆస్తి.

ఇంకొక ఉపాయానికి యంత్రమే అక్కరలేదు. సూర్యుడున్నప్పుడే వాడకం పెట్టుకోవడం. మన దగ్గర వ్యవసాయపు మోటార్లు లక్షలకి లక్షలు. ఒకప్పుడు వాటికి రాత్రి కరెంటు ఇచ్చేవాళ్లు. చీకట్లో మోటారు వెయ్యడానికి పోయి పాము కాటుకో షాకుకో రైతులు ప్రాణాలు పోగొట్టుకునేవారు. పగటిపూట సౌర విద్యుత్తు పొలానికిస్తే బొగ్గు మిగులుతుంది, రైతుకి రాత్రి నిద్ర మిగులుతుంది.

మనుషుల లెక్క

బ్రిటన్ 1882లో లండనులో బొగ్గుతో కరెంటు తియ్యడం మొదలుపెట్టి, 2024 సెప్టెంబరు 30న ఆఖరి బొగ్గు కేంద్రాన్ని మూసేసింది. 2012లో అక్కడ కరెంటులో అయిదింట రెండు వంతులు బొగ్గుదే. పన్నెండేళ్లలో సున్నా అయింది. కాని వాళ్లకి గ్యాసు వుంది, సముద్రపు గాలి వుంది, వాడకం మనలా ఏటా పెరగడం లేదు. మనం 2070 నాటికి నికరంగా సున్నా కర్బనం అని 2021లో గ్లాస్గోలో మాట ఇచ్చాం. అప్పటిదాకా బొగ్గు తగ్గుతూ తగ్గుతూ వుంటుంది గాని, రేపే పోదు.

ఆ మధ్యకాలంలో ఎవరి మీద భారం పడుతుందన్నదే నా ఆందోళన. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష మందికి పైగా పనిచేసేవారు. యంత్రాలూ ఓపెన్‌కాస్టులూ వచ్చి ఇప్పుడు నలభై వేల చుట్టూ వున్నారు. సౌర కేంద్రం కట్టేటప్పుడు పని వుంటుంది, కట్టాక కొద్దిమంది చాలు. గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం పిల్లలకి తరువాతి పని ఏమిటో ఇప్పుడే ఆలోచించాలి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2010 జులై 14న థర్మల్ కేంద్రం వద్దని బీల భూముల కోసం నిలబడ్డవారిలో ఇద్దరు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అడిగి, ఒప్పించి చెయ్యకపోతే ఏమవుతుందో ఆ ఊరు చెబుతుంది. సోలార్ పార్కుకి భూములు తీసుకునేటప్పుడు కూడా ఈ మాట మరిచిపోకూడదు.

నేను చెప్పదలిచింది ఇంతే. ఎలాగూ సౌర విద్యుత్తు వస్తోంది గదా, ఇక చిమ్నీకి ఖర్చెందుకని ఒకరంటారు. చిమ్నీ కడుగుతున్నాం గదా, బొగ్గే చాలని ఇంకొకరంటారు. ఒక పని రెండోదానికి సాకు కాకూడదు. పొయ్యి మారేదాకా ఆ పక్కన బతికేవాళ్లు పీల్చేది నేటి పొగే. కనక పొగ నేడు కడగాలి, పొయ్యి మార్చే పని కూడా నేడే మొదలై సాగాలి.

విద్యార్థి మిత్రులకి ఒక పని అప్పగిస్తాను. మన కాలేజీ, హాస్టళ్లు నెలకెన్ని యూనిట్లు కాలుస్తున్నాయో ఆఫీసులో బిల్లులు అడిగి తీసుకోండి. ఏ బిల్డింగులో ఎంతో, పగలెంతో, రాత్రెంతో ఫిజిక్సు వాళ్లు కొలవండి. మిద్దెల మీద ఎన్ని సౌర పలకలు పడతాయో, ఎన్నేళ్లలో ఖర్చు తిరిగి వస్తుందో ఎకనామిక్సు వాళ్లు లెక్క కట్టండి. వచ్చే సంవత్సరం ఇదే సంచికలో ఆ లెక్క ఒక పేజీ అచ్చు వెయ్యండి. దాని పక్కనే, యూనిటుకి 650 గ్రాముల చొప్పున, ఎంత బొగ్గో, ఎంత బూడిదో కూడా వెయ్యండి. రెండు బిల్లులూ ఒకే పేజీలో కనబడటం మొదలైతే, ఏం చెయ్యాలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు.